ఫిర్యాదు మీ మీదే వచ్చినప్పుడు

పిల్లలను హింసించారనో, వేధించారనో తన మీద ఫిర్యాదు వచ్చిందని తెలిసిన మనిషికి మొదటి గంటలో తోచే పనులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఫిర్యాదు ఎవరు చేశారో ఆరా తీయాలనిపిస్తుంది, వాళ్ళ దగ్గరికి వెళ్ళి అసలు సంగతి చెప్పి ఒప్పించాలనిపిస్తుంది, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని “ఎవరితో ఏం చెప్పావు” అని అడగాలనిపిస్తుంది, ఫోన్‌లోని పాత సందేశాల్లో అపార్థానికి తావిచ్చేవి ఉంటే తీసేయాలనిపిస్తుంది, ఎవరినైనా మధ్యవర్తిగా పంపి విషయం పోలీసుల దాకా పోకుండా ఆపాలనిపిస్తుంది. ఏ తప్పూ చేయని మనిషికీ ఇవే తోస్తాయి, తప్పు చేసినవాడూ సరిగ్గా ఇవే చేస్తాడు. దర్యాప్తు అధికారికి ఎవరి మనసులోకీ తొంగి చూసే వీలు లేదు కనుక ఆ ఇద్దరి ప్రవర్తనా ఆయన కాగితం మీద ఒకే వాక్యంగా నమోదవుతుంది: నిందితుడు బిడ్డను, సాక్షులను ప్రభావితం చేయడానికి ప్రయత్నించాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్న సామెతలో ఆ తడుముకున్నవాడు నిజంగా దొంగో కాదో ఎవరూ విచారించరన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

నేను న్యాయవాదిని కాను. మా అమ్మాయి పసిబిడ్డగా ఉన్నప్పుడు నా మీద, నా భార్య మీద ఇలాంటి ఫిర్యాదు ఒకటి వచ్చింది, విచారణ జరిగింది, మూసివేశారు. ఆ తర్వాత తెలిసినవాళ్ళ ద్వారా, వాళ్ళకు తెలిసినవాళ్ళ ద్వారా ఇదే పరిస్థితిలో పడినవారు, కొందరు భారతదేశం నుంచి, కొందరు అమెరికా నుంచి, నాతో మాట్లాడుతూ వచ్చారు. వారిలో తల్లిదండ్రులున్నారు, ఉపాధ్యాయులున్నారు, విడాకుల వ్యాజ్యం నడుస్తుండగా ఆరోపణ ఎదుర్కొన్న తండ్రులున్నారు. అందరూ నిర్దోషులేనని నేను అనుకోవడం లేదు, ఆ తీర్పు చెప్పే స్థానం నాది కాదు. తప్పు చేశానని తెలిసినవారు ఇక్కడ నేర్చుకోవలసినది ఒక్కటే: వెంటనే న్యాయవాదిని కలిసి ఉన్నది ఉన్నట్టు చెప్పడం, బిడ్డకు దూరంగా ఉండడం. మిగిలినవారి కోసమే ఈ టపా.

ముందుగా ఫిర్యాదు చేసినవారి గురించి చెప్పి ఆ కోపాన్ని పక్కన పెట్టాలి. చాలా దేశాల్లో అనుమానం కలిగినప్పుడు తెలియజేయడం చట్టబద్ధమైన బాధ్యత. అమెరికాలో 1962లో వైద్యుడు హెన్రీ కెంప్, ఆయన సహచరులు పిల్లల మీద దెబ్బల గురించి ఒక వైద్య పత్రికలో వ్యాసం ప్రచురించిన తర్వాత కొద్ది ఏళ్ళలోనే రాష్ట్రాలు వరుసగా ఇలాంటి చట్టాలు చేశాయి, 1974లో సమాఖ్య చట్టం వచ్చింది. అక్కడ ఉపాధ్యాయులు, వైద్యులు, శిశు సంరక్షణ కేంద్రాల సిబ్బంది తమకు సహేతుకమైన అనుమానం కలిగితే చాలు, రుజువు కోసం ఎదురుచూడకుండా చెప్పి తీరాలి, సద్భావంతో చెప్పినవారికి చట్ట రక్షణ ఉంటుంది. భారతదేశంలో 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న, పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టంలోని 19వ సెక్షను ఆ బాధ్యతను వైద్యుల మీద, ఉపాధ్యాయుల మీద మాత్రమే కాదు, నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరి మీదా పెట్టింది, చెప్పకుండా దాచినవారికి 21వ సెక్షను కింద శిక్ష ఉంది. కాబట్టి మీ మీద ఫిర్యాదు చేసిన ఉపాధ్యాయురాలికి మీ మీద పగ ఉందనుకోవడానికి ఆధారమేమీ లేదు, ఆవిడ తన ఉద్యోగం తాను చేసి ఉండవచ్చు. పగతో చేసిన ఫిర్యాదులు లేవని కాదు. అది పగ అని తేల్చే పని మాత్రం మీది కాదు, ఆ వాదన మీ నోటి వెంట మొదటి రోజున వస్తే దానికి విలువ కూడా ఉండదు.

మా విషయంలో ఫిర్యాదు శిశు సంరక్షణ కేంద్రం నుంచి వచ్చింది. పాప నడుము కింద నీలం, బూడిద కలిసిన రంగులో ఒక మచ్చ ఉండేది, అలాంటివి ఆసియా, ఆఫ్రికా మూలాలున్న పసిపిల్లల్లో చాలా సాధారణం. పుట్టుకతోనో తొలి వారాల్లోనో కనిపించి బడి వయసు వచ్చేసరికి ఎక్కువగా మాసిపోతాయి, కమిలిన దెబ్బలా రోజురోజుకూ రంగు మారవు. ఇంకా పాకడం కూడా రాని బిడ్డ ఒంటి మీద కమిలిన గుర్తు కనబడితే వైద్యులు అనుమానించడం న్యాయమే, ఎందుకంటే తనంతట తాను కదలలేని బిడ్డకు అలాంటి దెబ్బ తగలడం అరుదు. వచ్చిన అధికారిణి పాపను పరుపు మీద బోర్లా పడుకోబెట్టమని చెప్పి, మచ్చ పక్కన చిన్న కొలబద్ద ఒకటి ఆనించి, పైనుంచి ఒక ఫొటో, పక్కనుంచి ఒక ఫొటో తీసుకున్నారు. కొలబద్ద చల్లగా తగిలినట్టుంది, పాప కాళ్ళు ముడుచుకుంది, ఆవిడ వెంటనే కొలబద్దను అరచేతిలో పెట్టుకుని కాసేపు వెచ్చచేసి మళ్ళీ ఆనించారు. ఆ క్షణం దాకా ఆవిడను శత్రువుగానే చూస్తున్నాను. మా పక్షాన నిలబడింది మా మాటలు కాదు, పుట్టిన రెండు వారాలకు చేసిన తనిఖీలో పిల్లల వైద్యురాలు ఫైలులో గీసిన చిన్న బొమ్మ, దానిలో మచ్చ ఉన్న చోటు, దాని కొలత. పాప ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినప్పుడే ఇలాంటి మచ్చలను వైద్యుల చేత రాయించి పెట్టుకోమని నేను ఇప్పుడు ప్రతి కొత్త తల్లికీ తండ్రికీ చెబుతున్నాను.

మాది తేలికైన కేసు, పుట్టుమచ్చ సాక్ష్యం చెప్పింది. చాలా కేసుల్లో మచ్చలూ ఉండవు, కాగితాలూ ఉండవు, ఒక బిడ్డ చెప్పిన మాట ఒక్కటే ఉంటుంది. ఆ మాటకు చట్టం ఎక్కువ విలువ ఇస్తుంది, ఇవ్వాలి కూడా, ఎందుకంటే ఈ నేరాలు సాక్షులను పిలిచి చేసేవి కావు. అలాంటి ఆరోపణ ఎదురైన మనిషి ముందుగా తెలుసుకోవలసినది తన మీద నడుస్తున్నది ఏ రకం విచారణ అన్నది. ఒకే సంఘటన మీద పోలీసు కేసు ఒకటి, శిశు సంక్షేమ శాఖ విచారణ ఒకటి, ఉద్యోగం చేసే చోట అంతర్గత విచారణ ఒకటి, కుటుంబ న్యాయస్థానంలో బిడ్డ సంరక్షణ వ్యాజ్యం ఒకటి, నాలుగూ ఒకేసారి నడవవచ్చు. నాలుగింటికీ రుజువు కొలత వేరు. నేర న్యాయస్థానంలో సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నిరూపించాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సంక్షేమ శాఖ తన నిర్ధారణకు జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందన్నంత మాత్రం చూపిస్తే చాలు. తల్లిదండ్రుల హక్కులను పూర్తిగా రద్దు చేయాలంటే మాత్రం ఆ రెండింటికీ మధ్యస్థమైన, స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం కావాలని అక్కడి సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. అందుకే నేర న్యాయస్థానంలో కేసు కొట్టివేసినా సంక్షేమ శాఖ రికార్డులో నిర్ధారణ అలాగే ఉండిపోవడం విచిత్రమేమీ కాదు. భారతదేశంలో పోక్సో 29వ సెక్షను కొన్ని తీవ్రమైన నేరాల విషయంలో నిందితుడే నేరం చేశాడన్న పూర్వభావనతో మొదలవుతుంది. అయితే అసలు ఘటనకు సంబంధించిన మౌలికాంశాలను ప్రాసిక్యూషను నిలబెట్టిన తర్వాతే ఆ భారం నిందితుడి మీదకు వస్తుందని న్యాయస్థానాలు చెబుతూ వచ్చాయి. ఒక విచారణలో చెప్పిన మాట ఇంకో విచారణలోకి నడిచి వెళ్తుంది. ఉద్యోగం చేసే చోట “విషయం సర్దుకుంటుంది, ఒక వివరణ రాసి ఇవ్వండి” అని స్నేహంగా అడిగి తీసుకున్న కాగితం తర్వాత అభియోగపత్రానికి జతపడిన సందర్భాలు నాతో మాట్లాడినవారిలో ఉన్నాయి.

ఇక మాట్లాడటం గురించి. నిజం నా వైపున ఉన్నప్పుడు మౌనంగా ఎందుకుండాలి అని అడుగుతారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. భయంలో ఉన్న మనిషి తేదీలు తప్పు చెబుతాడు, వరుస తప్పు చెబుతాడు, గుర్తులేని చోట ఊహించి పూరిస్తాడు, తర్వాత సరిచేసుకుంటే మాట మార్చాడంటారు. అందువల్ల మొదటిసారి చెప్పేది న్యాయవాది పక్కన ఉండగా, కాగితాలు చూసుకున్న తర్వాత చెప్పడమే నిజానికి మేలు చేస్తుంది. భారత రాజ్యాంగంలోని 20వ అధికరణం మూడో ఖండం నేరారోపణ ఎదుర్కొంటున్న ఎవరినీ తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదంటుంది, అరెస్టయిన వ్యక్తికి తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కు 22వ అధికరణంలో ఉంది. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద అది చెప్పిన వ్యక్తి సంతకం చేయవలసిన పని లేదని, నేర దర్యాప్తు, విచారణల పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత చెబుతుంది, ఖాళీ కాగితం మీద సంతకం గురించి అయితే వేరే చెప్పనక్కర్లేదు. అబద్ధాలను పట్టే పరీక్షకు వస్తారా అని అడిగితే, ఇష్టం లేకుండా ఆ పరీక్షగానీ నార్కో పరీక్షగానీ జరపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లోనే సెల్వి కేసులో చెప్పిందని గుర్తుంచుకోవాలి.

మౌనానికి అన్ని చోట్లా ఒకే ఫలితం ఉండదు, ఇది చాలామందికి తెలియదు. ఇంగ్లండు, వేల్సులలో 1994 నాటి చట్టం ప్రకారం, ప్రశ్నించినప్పుడు చెప్పకుండా తర్వాత న్యాయస్థానంలో ఆధారపడే అంశం ఏదైనా ఉంటే ఆ మౌనం మీ వాదనకు నష్టం చేయవచ్చు. అక్కడ పోలీసు స్టేషనులో న్యాయవాది సలహా ఉచితంగా దొరుకుతుంది కనుక దాన్ని కాదనడం తెలివితక్కువ. అమెరికాలో సంక్షేమ శాఖ ఉద్యోగి మీ హక్కులను పోలీసులా చదివి వినిపించరు, కానీ మీరు చెప్పింది నివేదికలోకి ఎక్కుతుంది, పోలీసులకూ చేరవచ్చు. మరోవైపు అసలు పలకకపోతే సహకరించలేదన్న మాట కూడా అదే నివేదికలోకి ఎక్కుతుంది. అందువల్ల గుమ్మం దగ్గర నేను సూచించే మాటలు ఇంతకు మించవు: “మీ పని మీరు చేయాలని నాకు తెలుసు. నా మీద ఆరోపణ ఏమిటో దయచేసి చెప్పండి. బిడ్డ క్షేమంగా ఉన్నట్టు మీరు చూసుకోవచ్చు. మిగతా వివరాలు న్యాయవాదితో కలిసి తప్పకుండా చెబుతాను, మీ పేరు, ఫోన్ నంబరు ఇవ్వండి.” ఆరోపణ ఏమిటని అడగడం దబాయింపు కాదు. మొదటి సంప్రదింపులోనే ఆ సంగతి చెప్పాలని అమెరికా సమాఖ్య చట్టం 2003 నుంచి నిర్దేశిస్తోంది. ఇల్లంతా చూస్తామంటే, వారి దగ్గర న్యాయస్థానం ఉత్తర్వు లేనప్పుడు, అత్యవసర ప్రమాదం కూడా లేనప్పుడు అక్కడ మీ సమ్మతి అవసరం. బిడ్డను గుమ్మం దగ్గర చూపించడం, ఇల్లంతా తిప్పి చూపించడం వేరు వేరు నిర్ణయాలు. మేము చూపించాం, ఇంకొకరు చూపించకపోయినా తప్పుపట్టను. అరవడం, తలుపు మూసేయడం, అధికారిని ఫోన్‌తో ముఖం మీదికి వెళ్ళి వీడియో తీయడం మాత్రం ఎవరికీ మేలు చేసినట్టు నేను చూడలేదు.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే బిడ్డకు, వస్తాను. ఆరోపణ చేసింది మీ బిడ్డే అయినా, ఇంకొకరి బిడ్డ అయినా, ఆ బిడ్డను మీరు ప్రశ్నించకూడదు, మీ తరఫున మీ భార్య, మీ అమ్మ, ఇంకొక పిల్లవాడు కూడా ప్రశ్నించకూడదు. ఇది కేవలం బెయిలు షరతుల కోసం చెబుతున్న మాట కాదు. చిన్నపిల్లలు పెద్దలకు నచ్చే జవాబు ఇవ్వడానికి ప్రయత్నిస్తారు, ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే మొదటి జవాబు తప్పేమో అనుకుని మార్చేస్తారు. కాలిఫోర్నియాలో మెక్‌మార్టిన్ అనే ప్రీస్కూలు మీద 1983లో మొదలైన కేసు ఏళ్ళ తరబడి నడిచి 1990లో ఒక్క శిక్ష కూడా లేకుండా ముగియడానికి ఒక ప్రధాన కారణం పిల్లలను ప్రశ్నించిన తీరు: బొమ్మలు చేతికిచ్చి, మిగతా పిల్లలు ఇప్పటికే చెప్పేశారని నమ్మించి, కాదన్న బిడ్డను మళ్ళీ మళ్ళీ అడిగారు. ఇంగ్లండులో 1987లో క్లీవ్‌లాండ్ ప్రాంతంలో ఒక వైద్య పరీక్ష మీద అతిగా ఆధారపడి కొద్ది నెలల్లో 121 మంది పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని అనుమానించారు, చాలామందిని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళారు, తర్వాత అధికభాగం ఇళ్ళకు తిరిగి వచ్చారు. దాని మీద న్యాయమూర్తి ఎలిజబెత్ బట్లర్-స్లాస్ 1988లో ఇచ్చిన నివేదిక అటు అతి తొందరను, ఇటు బిడ్డ మాట వినకపోవడాన్ని రెండింటినీ తప్పుపట్టింది. ఆ అనుభవాల తర్వాత పిల్లలతో మాట్లాడే పద్ధతి మారింది, శిక్షణ పొందినవారు “ఏం జరిగిందో మొత్తం చెప్పు” అన్న తరహా బహిరంగ ప్రశ్నలతో, వీలైనన్ని తక్కువ సార్లు, రికార్డు చేస్తూ అడుగుతారు. పోక్సో చట్టం కూడా బిడ్డ వాంగ్మూలాన్ని బిడ్డ ఇంట్లోనో తనకు నచ్చిన చోటనో, యూనిఫాంలో లేని అధికారి, వీలైనంతవరకు మహిళా అధికారి, నమోదు చేయాలంటుంది, ఆ సమయంలో నిందితుడు బిడ్డ కంటపడకూడదంటుంది.

ఈ పద్ధతి నిందితుడికి వ్యతిరేకంగా పెట్టినదని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం దానికి సరిగ్గా వ్యతిరేకం. ఎవరి ప్రభావమూ పడని బిడ్డ మాట నిర్దోషికి ఉన్న అన్నిటికంటే విలువైన సాక్ష్యం. “నాన్న అలా చేయలేదని చెప్పమ్మా” అని మీరు ఒక్కసారి అన్న తర్వాత ఆ బిడ్డ నిజంగానే అలా చెప్పినా దాన్ని ఎవరూ నమ్మరు, నమ్మకపోవడమే సరైనది కూడా. పైగా ఆ బిడ్డ నెత్తిన ఇంటిని కాపాడే బరువు పెట్టినట్టవుతుంది. బిడ్డ మీ ఇంట్లోనే ఉండి తానే ఆ సంగతి ఎత్తితే ఏమనాలని అడుగుతారు. “నువ్వు నిజం చెబితే నీ మీద ఎవరికీ కోపం రాదు, ఆ సంగతులు నీతో మాట్లాడటానికి వేరే పెద్దవాళ్ళున్నారు” అని ఊరుకోవడం చాలు. ఆ మాట బిడ్డ ఎత్తిందని, మీరిచ్చిన జవాబు ఇదేనని తేదీ వేసి న్యాయవాదికి రాసి పంపాలి.

రాసుకోవడమే ఈ కాలమంతా మీకు మిగిలే పని. ఆరోపణలో చెప్పిన రోజులకు అటూ ఇటూ ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరు బిడ్డను తీసుకెళ్ళారు, ఎవరు తీసుకొచ్చారు, ఎప్పుడు జ్వరం వచ్చింది, ఎప్పుడు పడింది, అన్నీ జ్ఞాపకం చెడకముందే న్యాయవాది కోసం రాసి, గుర్తులేనిచోట గుర్తులేదనే రాయాలి. వైద్య రికార్డులు, టీకాల కార్డు, బడి హాజరు, ప్రయాణ టికెట్లు సేకరించాలి. సీసీ కెమెరాల రికార్డింగులు చాలాచోట్ల కొద్ది రోజుల్లో వాటంతటవే చెరిగిపోతాయి కనుక వాటిని భద్రపరచమని న్యాయవాది ద్వారా మొదటి వారంలోనే లేఖ వెళ్ళాలి. ఫోన్ జోలికి వెళ్ళకూడదు. మీకు ఇబ్బంది కలిగించే సందేశం ఉన్నా తీసేయకూడదు, సాక్ష్యం తుడిచేయడం దానికదే నేరం, తీసేసిన ఖాళీ మిగిలిన సందేశం కంటే ఎక్కువ మాట్లాడుతుంది. గాయాలున్న కేసుల్లో స్వతంత్ర వైద్య అభిప్రాయం అడగవచ్చు. కమిలిన రంగును చూసి దెబ్బ ఎన్నాళ్ళనాటిదో కచ్చితంగా చెప్పలేమని వైద్యులే అంటారు, ఎముకలు పెళుసుగా ఉండే జన్యు సమస్యలు, రక్తం గడ్డకట్టని జబ్బులు అరుదైనవే అయినా పరీక్షలతో తేలేవి. అయితే ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన జబ్బునల్లా బిడ్డకు అంటగట్టే ప్రయత్నం వైద్యుల ముందు నిలబడదు.

న్యాయవాది దగ్గర మాత్రం ఏదీ దాచకూడదు. కొట్టని చోట కొట్టలేదని, చెంప మీద ఒక్కటి వేసి ఉంటే వేశానని చెప్పాలి. దాచిన చిన్న విషయం ఎదుటివారి నోట బయటపడిన రోజున మీ పెద్ద నిజం కూడా మునిగిపోతుంది.

ఎవరైనా కాగితం పెట్టి ఇది తాత్కాలికమే, సంతకం పెట్టండి అన్నప్పుడు ఆగాలి. అమెరికాలో బిడ్డ భద్రతా ఒప్పందం అనే పత్రం ఇస్తారు. తల్లిదండ్రుల్లో ఒకరు ఇల్లు విడిచి ఉండాలని, బిడ్డను బంధువుల ఇంట ఉంచాలని అందులో ఉంటుంది. అది స్వచ్ఛందమే అంటారు గానీ కాదంటే బిడ్డను తీసుకెళ్ళవచ్చన్న భయంతోనే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోవడమే మంచిదయ్యే సందర్భాలున్నాయి. ఎన్ని రోజులకు, ఏ షరతు తీరితే ముగుస్తుంది, మధ్యలో బిడ్డను ఎవరి సమక్షంలో చూడవచ్చు అన్న మూడూ అందులో రాసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవారికి ఇంకో ప్రమాదం ఉంది. 1996 నుంచి పిల్లల మీద దౌర్జన్యం, నిర్లక్ష్యం కింద పడే నేరానికి శిక్ష పడినవారిని దేశం నుంచి పంపించే అవకాశం అక్కడి వలస చట్టంలో ఉంది. జైలు లేకుండా చిన్న నేరం ఒప్పుకుంటే ఈ రోజే ఇంటికి వెళ్ళిపోవచ్చని ఎవరైనా ఊరిస్తే, ఆ ఒప్పుకోలు దేశంలో ఉండనిస్తుందా లేదా అని ముందు అడగాలి. ఆ ఫలితాన్ని నిందితుడికి చెప్పవలసిన బాధ్యత అతని న్యాయవాదికి ఉందని అమెరికా సుప్రీంకోర్టు 2010లో పడిల్యా కేసులో తేల్చింది.

భారతదేశంలో అరెస్టు భయం ముందుంటుంది. వారంటు లేకుండా అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరం జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం పోలీసులకు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లో లలితాకుమారి కేసులో చెప్పింది కనుక ఎఫ్‌ఐఆర్ నమోదైనంత మాత్రాన పోలీసులు మిమ్మల్ని దోషిగా నిర్ణయించినట్టు కాదు. ముందస్తు బెయిలు అడగవచ్చు గానీ పదహారేళ్ళలోపు బాలికల మీద అత్యాచారం, పద్దెనిమిదేళ్ళలోపు బాలిక మీద సామూహిక అత్యాచారం ఆరోపణలున్నప్పుడు ఆ దారి మూసి ఉంటుంది. పోక్సోలోని ప్రధాన నేరాల దర్యాప్తును సమాచారం అందిన రెండు నెలల్లో పూర్తి చేయాలని 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ నాగరిక సురక్షా సంహితే చెబుతోంది. రాజీ అన్న మాట ఈ వ్యవహారంలో ఎత్తనే కూడదు. పోక్సో నేరాల్లో ఇరుపక్షాలు మాట్లాడుకుని కేసు వెనక్కు తీసుకునే ఏర్పాటు చట్టంలో లేదు, బిడ్డ తల్లిదండ్రులకు డబ్బు ఇవ్వజూపిన మధ్యవర్తి, అతను మీకు తెలియకుండా వెళ్ళినా సరే, మీ కేసుకు చేసిన చెడును ఏ న్యాయవాదీ పూర్తిగా బాగుచేయలేడు.

వాట్సాప్ గ్రూపుల్లో జరిగే వ్యవహారం మీద ఎక్కువ చెప్పను. మీ పేరు తిరుగుతుంటుంది, నిప్పు లేనిదే పొగ రాదని మీకు వినపడేటట్టే అంటారు, నిన్నటిదాకా పలకరించినవారు పక్కకు తిరుగుతారు. సమాధానంగా మీరు పెట్టే ప్రతి పోస్టూ రేపటి సాక్ష్యం. అందులో బిడ్డ పేరో, బడి పేరో, ఇల్లు గుర్తుపట్టే వివరమో ఉంటే పోక్సో 23వ సెక్షను కింద మీరే కొత్త కేసు తెచ్చుకున్నట్టవుతుంది. ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులను ఎంచుకుని, వారితో కూడా కేసు వివరాలు కాకుండా మీ నిద్ర, మీ భయం గురించి మాట్లాడండి. అవసరమైతే మానసిక వైద్యుణ్ణి కలవండి. ఆత్మహత్య ఆలోచనలు ఈ కాలంలో రావడం నాకు తెలిసినవారిలో అరుదు కాదు, అవి వచ్చిన రోజున ఒంటరిగా ఉండకూడదు.

చివరికి ఒక లేఖ వస్తుంది, లేదా అభియోగపత్రం దాఖలవుతుంది. ఆరోపణ నిర్ధారణ కాలేదని లేఖ వస్తే, అది నిర్దోషి అన్న ప్రకటన కాదని, రుజువు సరిపోలేదన్న మాట మాత్రమేనని కొందరు కుంగిపోతారు. అంతకు మించి ఆ శాఖ రాయదు, రాయమని పోరాడటం వృథా. ఫిర్యాదు చేసినవారి మీద ఎదురు కేసు వేయాలన్న కోరిక అప్పుడే పుడుతుంది. పోక్సో 22వ సెక్షను కింద దురుద్దేశంతో అబద్ధపు ఫిర్యాదు చేసినవారికి శిక్ష ఉన్నా, బిడ్డ చేసిన తప్పుడు ఫిర్యాదుకు శిక్ష లేదు, రుజువు కాకపోవడం, అబద్ధం కావడం రెండూ ఒకటి కావు. ఆ కోరికను ఒక ఏడాది పక్కన పెట్టి చూడమని నా సలహా. అలా పెట్టినవారిలో దాన్ని మళ్ళీ పైకి తీసినవారిని నేను చూడలేదు.

ఆరోపణ నిర్ధారణ అయిందని లేఖ వస్తే మాత్రం ఆలస్యానికి తావు లేదు. అమెరికాలో ఆ నిర్ధారణ రాష్ట్ర రిజిస్ట్రీలో చేరి, పిల్లలతో పనిచేసే ఉద్యోగాలకు, దత్తతకు అడ్డుపడుతుంది. అప్పీలు చేసే గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కొన్నిచోట్ల చాలా తక్కువ. గడువు ఆ లేఖలోనే, ఎక్కువగా రెండో పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. కవరు మీది తపాలా ముద్ర తేదీతో సహా ఫొటో తీసి, అదే రోజు న్యాయవాదికి పంపి, విచారణ ఫైలు నకలు కోసం రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి.